సంత మొగదల నల్లనీళ్ళు

ఆ ఏడు ఇళ్ళ కప్పుల మీద మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో మా మండల కచేరీకి పిచికారీలు వచ్చాయి. చేలో పురుగుకి మందు కొట్టడానికేమో అనుకున్నాం. మనుషుల మీద కొట్టడానికని మా ఆయన చెప్పేదాకా తెలియలేదు.

మా ఆయన నామ్ జున్‌షిక్ ఆ కచేరీలో గుమాస్తా. ఆ సాయంత్రం టోపీ తీసి పక్కన పెట్టి, చెక్క వసారాలో కూర్చుని, పైవాళ్ళు నేర్పిన పాఠం మాకు అప్పజెప్పాడు. మా జనమంతా కట్టే తెల్లబట్ట ఇట్టే మాసిపోతుందట. దాన్ని ఉతకడంలో, మళ్ళీ కుట్టడంలో ఆడవాళ్ళ బతుకంతా తెల్లారిపోతోందట. అందుకని ఇకమీదట అందరూ రంగుబట్టలే కట్టాలని ప్రావిన్సు కచేరీ నుంచి, మా దేశాన్ని ఏలే జపాను దొరల హుకుం. వినకుండా తెల్లబట్టలతో వచ్చేవాళ్ళకి సంత మొగదల్లోనే నల్లరంగు నీళ్ళు పడతాయి.

నిజం చెప్పొద్దూ, హుకుం ఎవడిచ్చాడన్నది పక్కన పెడితే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇళ్ళలో తెల్లబట్ట ఉతకడమంటే ఏమనుకున్నారు? కుట్లన్నీ విప్పాలి. బూడిద నీళ్ళలో ఉడకబెట్టాలి. వాగులో బాదాలి, గంజి పెట్టాలి, మడిచి బండ మీద వేసి నున్నగా అయ్యేదాకా దుడ్డుకర్రలతో కొట్టాలి. ఆపైన ముక్కా ముక్కా కలిపి మళ్ళీ కుట్టాలి. ఇంతా అయ్యాక మగమహారాజు దాన్ని తొడుక్కుని పోయి బురద గట్టు మీద కూర్చుంటాడు. పెళ్ళయిన నాటి నుంచీ నా భుజాలు ఆ దుడ్డుకర్రలకే అరిగిపోయాయి.

కానీ మా ఇంట్లో చిక్కు వేరే ఉంది. మామగారు పోయి రెండేళ్ళు కావస్తోంది. రెండో ఏటి కర్మ దాటేదాకా ఆయన ఇంట్లో ఉన్నట్టే లెక్క. పక్కగదిలో ఆయన పీఠం, దాని మీద ఆయన పొగగొట్టం, కళ్ళజోడు. పొద్దునా సాయంత్రం వేడన్నం పెట్టాలి. అప్పటిదాకా మా ఒంటి మీద రంగు వెయ్యని ముతక జనపనార బట్టలే ఉండాలి. అన్నం పెట్టగానే అత్తయ్య "ఐగో, ఐగో" అని ఏడుపు ఎత్తుకునేది. ఆమె ఎత్తుకుంటే కొడుకు అందుకోవాలి. కన్నీళ్ళు వచ్చినా రాకపోయినా గొంతు రావాలి. ఒకసారి దూరపు చుట్టం ఒకాయన పరామర్శకొచ్చి గుమ్మంలోనే ఏడుపు మొదలుపెడితే, మా ఆయన నోట్లో ముల్లంగి ముక్క మింగీ మింగకుండానే అందుకుని, పొలమారి, ఏడుస్తూ దగ్గుతూ నానా అవస్థ పడ్డాడు. పీఠానికి చెప్పకుండా మా ఇంట్లో దూడని కూడా అమ్మేవాళ్ళం కాదు.

కచేరీలో జనపనారకి చోటు లేదు. అందుకని రెండేళ్ళుగా మా ఆయనది ఒకటే పరుగు. పొద్దున్నే కర్మబట్ట తొడుక్కుని ఏడవడం, అది విప్పేసి గబగబా ఖాకీ తొడుక్కుని ఉద్యోగానికి పోవడం.

"గుమాస్తాల ఇళ్ళలోనే ముందు రంగు పడాలన్నారు," అంటూ ఆ సాయంత్రం నల్లరంగు పొట్లం నా చేతిలో పెట్టాడు. కళ్ళు మాత్రం అత్తయ్య వైపే ఉన్నాయి.

అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"మీరిద్దరూ బయట తిరిగేవాళ్ళు. వేసుకోండి. పీఠం దగ్గరకి మాత్రం జనపనారతోనే రండి. మీ నాన్న ఏమనుకోడులే, చెప్తాను."

"మరి నువ్వమ్మా?"

"నేనెక్కడ తిరుగుతున్నానురా? పొయ్యి దగ్గరకీ పెరట్లోకీ. మీ పెద్ద దొర నా పొయ్యి దగ్గరకొచ్చి చూస్తాడా?"

"కర్మలో ఉన్నోళ్ళు జబ్బకి నల్లపట్టీ కట్టుకుంటే చాలంట. కొత్త పద్ధతి." జేబులోంచి పట్టీ తీసి ఇచ్చాడు.

అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గుడ్డ గట్టిదే," అంది. మర్నాడు పొద్దున చూస్తే అది దూడ మెడలో గంటకి కట్టి ఉంది. మా ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను పొయ్యి చాటుకి పోయి కడుపారా నవ్వుకున్నాను.

నల్లపావడా కట్టుకున్న మొదటి రోజు నాకు పండగే. ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నాను. మసిగిన్నె ఒళ్ళో పెట్టుకుని తోమాను. ఆ సంబరం సంత రోజుదాకానే ఉంది.

సంత నుంచి మా ఆయన వేళ్ళన్నీ నల్లగా చేసుకుని వచ్చాడు. కాళ్ళకి నీళ్ళిస్తే ముందు వేళ్ళు కడుక్కున్నాడు. ఆయన వెనకాలే తొల్మే అవ్వ వచ్చింది. పైపాలెంలో ఒక్కతే ఉంటూ మొలకలు అమ్ముకుని బతికే మనిషి. ముట్టుకుంటే విరిగేట్టుంటుంది, నోరు మాత్రం కత్తి.

"నామ్ వారి పెద్దమ్మా, ఇట్టా బయటికి రా," అని వాకిట్లోంచే పిలిచింది. "నీ కొడుకు దస్తూరీ చూద్దువుగాని."

చేతిలో ఉన్న తెల్లపావడా తెచ్చి వసారా మీద పరిచింది. నడుం నుంచి అంచు దాకా నల్లటి జాడ.

"చిన్నప్పుడు అక్షరాలు దిద్దమంటే పారిపోయి మా గడ్డివాములో దాక్కునేవాడు. ఇప్పుడు చూడు, కూచుని దిద్దకపోయినా ఎంత బాగా కుదిరిందో."

మా ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అత్తయ్య ఆ బట్ట మీద చేత్తో రాసి చూసింది.

"ఇది ఒకటేనా నీకు?"

"రోజూ కట్టుకునేది ఇదిగో, ఒంటి మీదున్న ఈ చిరుగులపాత. ఇది నేను పోయినప్పుడు కట్టమని దాచుకున్నది. సంతే కదా అని కట్టుకుపోయాను. ఇక చావడానికి కూడా లేదు నాకు."

అత్తయ్య లోపలికెళ్ళి పెట్టెలోంచి తన పావడా తెచ్చింది. సన్నటి నారబట్ట, మంచు తెలుపు. కర్మ అయ్యాక కట్టుకోవడానికని నా చేత ఉతికించి, కొట్టించి, కుట్టించి దాచుకున్నది. అది తీసుకెళ్ళి అవ్వ చేతిలో పెట్టింది.

"మరి నీకో?" అంది అవ్వ.

"నాకు ఒంటి మీద ఉంది గదా."

అవ్వ రెండు పావడాలూ చంకన పెట్టుకుని, మా ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ మాటకారి ఊరుకోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాత మా ఇంట్లో కుదురు లేకుండా పోయింది. సంత దగ్గర పడేకొద్దీ మా ఆయన కాలుకాలిన పిల్లిలా పెరడంతా తిరిగేవాడు. అన్నం ముందు కూర్చునేవాడు, లేచేవాడు, ఇసక పెట్టి వేళ్ళు రుద్దుకునేవాడు. పోనీ నేనన్నా స్థిమితంగా ఉన్నానా అంటే అదీ లేదు. వాగు దగ్గరకి నేను పోగానే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. మంచి రాళ్ళన్నీ ఎవరో ఒకరికి అట్టిపెట్టినవే. నేను నీళ్ళు పారే చోట, పాచి పట్టిన రాయి మీద జారుతూ ఉతుక్కుని వచ్చేదాన్ని. నా నల్లపావడా చూస్తే నాకే మంటగా ఉండేది.

వరికోతలు అయిపోయి, ఊరంతా క్యాబేజీలు ఊరవేసే పనిలో ఉండగా ఒక సాయంత్రం మండల పెద్ద హో గారు మా ఇంటికొచ్చాడు. పెద్దవయసు మనిషి. వసారా అంచున కూర్చుని, చాలాసేపు చలిగాలి గురించి మాట్లాడి, అప్పుడు అసలు సంగతి ఎత్తాడు.

"ఏమయ్యా నామ్, వచ్చే సంతకి ప్రావిన్సు కచేరీ నుంచి దొర వస్తున్నాడు. మొగదల్లోనే కుర్చీ వేసుకుని చూస్తాడంట. తెల్లబట్ట లోపలికి పోయిందంటే నా కుర్చీ ఊడుద్ది. నాకంటే ముందు నీది ఊడుద్ది. మీ అమ్మగారు ఆ ఒక్క పూట…"

"మా అమ్మ సంతకి రాదండి."

"మీ నాన్న కర్మకి ముందు సంత అదేగదయ్యా," అన్నాడాయన. పక్కగదిలో పీఠం వైపు చూసి తల కాస్త వంచి, లేచి వెళ్ళిపోయాడు.

అత్తయ్య లోపలి నుంచి అంతా వింది. బయటికొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఎండుచేపలు, రేగుపళ్ళు, బేరిపళ్ళు తేవాలి. నేనే ఏరి తెస్తాను. ఆయన తిండి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

"నీ కోడలు తెస్తుందమ్మా."

"దానికి ఆయన బతికుండగానే భయం. ఎదురుగా నిలబడి ఏం తింటారని ఒక్కనాడు అడిగిందా?"

"అమ్మా, నా ఉద్యోగం పోద్ది. మనకి సొంత పొలం లేదు. కౌలు ముక్క మీద వచ్చేది ఎన్నాళ్ళు తింటాం?"

"ఉద్యోగం మానుకోమన్నానా నిన్ను? నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేసుకుంటాను."

"నీ మీద కొట్టాల్సి వస్తుందమ్మా."

"కొట్టరా," అంది అత్తయ్య. కోపంగా కాదు. అన్నం పెట్టనా అని అడిగినట్టే అంది.

ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండింది. ఒక్క సంత, ఒక్క పూట. ఆమె ఆగదు, ఈయన గట్టిగా ఆపలేడు. మధ్యలో పస్తులుండాల్సింది నేనూ నా కడుపులో పెరిగే పిల్లా. ఆ మాట పైకి అనలేక గిన్నెలన్నీ దబదబా పడేశాను.

సంతనాడు పొద్దున్నే మా ఆయన అన్నం ముట్టకుండా వెళ్ళిపోయాడు. అత్తయ్య పీఠం పని ముగించుకుని బుట్ట నెత్తికెత్తుకుంది. వెనకాలే పడ్డాను.

"అత్తయ్యా, నా పావడా మీరు కట్టుకోండి. మీది నేను కట్టుకుంటాను."

"అప్పుడు నీళ్ళు నీ మీద పడతాయి గదే."

"పడితే ఉతుక్కుంటాను."

"ఉతుకుడంటే నీకు గిట్టదు గదా," అని నవ్వింది. నేననుకున్నదాని కన్నా ఆమె నన్ను ఎక్కువే గమనిస్తోందని అప్పుడు అర్థమైంది.

సంత మొగదల్లో అడ్డంగా గడ్డితాడు కట్టి, మనిషి పట్టేంత సందు వదిలారు. సందుకి ఇటు మా ఆయన, అటు చిన్న గుమాస్తా బేక్. మధ్యలో నల్లనీళ్ళ బాల్చీ. వెనక కుర్చీలో ప్రావిన్సు దొర, పక్కన నిలబడి హో గారు. సంత సగం ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళ బట్టలు నల్లవీ, గోధుమవీ, రంగు సరిగ్గా పట్టక మచ్చలు మచ్చలుగా ఉన్నవీ. వరసలో జనపనార బట్ట ఒక్కటే ఉంది. అది మా అత్తయ్యది.

ఆమె కొడుకు ముందుకొచ్చి నిలబడింది. మా ఆయన పిచికారీ ఎత్తాడు. దాని మూతి కిందికే ఉండి చుక్కలు ఆయన బూట్ల మీదే పడుతున్నాయి.

"ఆగు నాయనా," అంది అత్తయ్య. బుట్ట దించి పక్కన పెట్టింది. "ఈ బట్ట మీ నాన్నకి చెప్పకుండా మార్చకూడదు. ముందు చెప్పనీ."

మా ఇల్లున్న వైపు తిరిగి, నడుం వంచి, "ఐగో, ఐగో" అని ఎత్తుకుంది. రోజూ పొద్దున ఎంత గొంతుతో ఏడుస్తుందో అంతే గొంతుతో.

నేను మా ఆయన వంకే చూస్తున్నాను. పళ్ళు బిగబట్టాడు. దొర వైపు చూశాడు, నేల వైపు చూశాడు. దవడ ఒకసారి కదిలింది. రెండేళ్ళ నుంచి పొద్దునా సాయంత్రం ఆమె ఎత్తుకోగానే అందుకున్న గొంతు, ఇక ఆయన మాట వినలేదు.

"ఐగో," అన్నాడు. టోపీ తీసేశాడు. తల వంచి, ఖాకీ బట్టల్లో, ఒక చేత్తో పిచికారీ పట్టుకుని, సంతలో నిలబడి వాళ్ళ నాన్న కోసం ఏడ్చాడు. ఎప్పుడూ గొంతే గాని కన్నీళ్ళు రాని మనిషికి ఆరోజు కన్నీళ్ళు కూడా వచ్చాయి. కోడల్ని కాబట్టి నేనూ అందుకోవాలి, అందుకున్నాను. వెనక వరసలో మగాళ్ళు టోపీలు తీశారు. బేక్ తల వంచాడు. హో గారు కూడా వంచాడు.

దొర తన భాషలో ఏదో అడిగాడు, హో గారు జవాబు చెప్పాడు. ఆ మాటలేమిటో తర్వాత మా ఆయన చెప్తే తెలిసింది.

"ఎవరు పోయారు?"

"ఇతని తండ్రి అండి."

"ఎప్పుడు?"

"రెండేళ్ళు కావస్తోందండి."

తనని ఆటపట్టిస్తున్నారనుకున్నాడు దొర. ముఖం జేవురించింది. పని కానిమ్మని చెయ్యి విసిరాడు.

అత్తయ్య ఏడుపు ముగించింది. కళ్ళు తుడుచుకుని, పావడా సర్దుకుని, కొడుకు వైపు తిరిగింది.

"చెప్పాను. ఇక కొట్టు."

మా ఆయన వంగి, పిచికారీని బాల్చీలో పెట్టాడు. నీళ్ళు చిందకుండా నెమ్మదిగా పెట్టాడు. టోపీని బాల్చీ పక్కన నేల మీద ఉంచాడు. అత్తయ్య బుట్ట తీసుకున్నాడు.

"ముందు చేపలు కొందామా అమ్మా, పళ్ళు కొందామా?"

"చేపలు. ఆలస్యమైతే చిన్నవి మిగులుతాయి," అంది ఆమె.

ఇద్దరూ తాడు సందులోంచి లోపలికి వెళ్ళారు. ఎవరూ ఆపలేదు. నేనూ వాళ్ళ వెనకే నడిచాను.

కచేరీకి ఇక రావద్దన్న కబురు బేక్ తెచ్చాడు. గుమ్మం అవతలే నిలబడి, మా పెంకుల వైపు చూస్తూ చెప్పి వెళ్ళిపోయాడు. ఖాకీ బట్టలు ఉతికి మడిచి నేనే తిప్పి పంపాను. హో గారి కుర్చీ కూడా చలికాలం ముదరకముందే పోయింది. ఆయన మాత్రం కర్మకి వచ్చి, పీఠం ముందు వంగి, మా ఆయనతో సమానంగా ఏడ్చి వెళ్ళాడు.

కర్మ అయిపోయింది. మామగారి పీఠం తీసేశాం. జనపనార బట్టలన్నీ పెరట్లో వేసి తగలబెట్టాం. మర్నాడు పొద్దున అత్తయ్య నా దగ్గరకొచ్చింది.

"అమ్మాయ్, ఆ నల్లరంగు ఇంకా మిగిలిందా?"

పొట్లం తీసి చూపించాను.

"నీ పాత పావడా ఏదన్నా ఇయ్యి, ముంచుకుంటాను. మాపు కనబడదంటివి గదా."

"మరి మొన్న సంతలో అంత పంతం పట్టారు…"

"పంతమేంటే? మొన్న ఆయన ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు లేడు." అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆ పూటే నల్లరంగు కాచి ఇద్దరం కలిసి బట్టలు ముంచాం.

ఆమె అలా తేల్చేసింది. తేలనిది మా ఆయనకే. తర్వాతి సంతకి పెట్టె అడుగున ఉన్న తెల్లచొక్కా అడిగి తీసి తొడుక్కుని పోయాడు. పాత దోస్తు బేక్ ఏం చేస్తాడు పాపం, కొట్టాడు. భుజం నుంచి మొల దాకా నల్లగా చేసుకుని ఇంటికొచ్చాడు. ఉతికాను, జాడ పోలేదు. పైసంతకి మళ్ళీ అదే చొక్కా, మళ్ళీ కొత్త జాడ. గుమాస్తాకి మతి చలించిందని ఊరంతా అనుకున్నారు. నేనూ భయపడ్డాను. ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు అడిగేశాను.

"కర్మ అయిపోయింది గదండీ. ఇంకా ఎవరి కోసం ఈ తెల్లబట్ట?"

వేళ్ళు చాపి చూసుకున్నాడు.

"ఎంతమంది అమ్మల మీద కొట్టానో నాకే తెలీదు," అన్నాడు. "వాళ్ళంతా వాగులో కూర్చుని ఉతుక్కున్నారు. నా మీదా పడనీ."

"పడేది మీ మీద. ఉతికేది నేను," అన్నాను.

కడుపులో బిడ్డ బరువు, వాగులో చన్నీళ్ళు, ఇంట్లో నిండుకున్న బియ్యం, అన్నీ ఆ మాటలో పడిపోయాయి. అన్నాక బాధపడ్డాను.

మర్నాడు పొద్దున నేను మూట నెత్తికెత్తుకోబోతుంటే వచ్చి తీసుకున్నాడు. వాగు దాకా మోసుకొస్తాడు కాబోలు అనుకున్నాను. ఆడవాళ్ళు ఉతుక్కునే చోటికి మా ఊళ్ళో మగాళ్ళు రారు. ఈయన గట్టు దిగి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, నీళ్ళ దగ్గర నిలబడ్డాడు. బట్టలు బాదే చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ఒకామె తడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆయన పాచిరాయి మీద కాలు పెట్టాడు.

అన్నిటికంటే మంచి రాయి మీద తొల్మే అవ్వ కూర్చుని ఉంది. ఆమె చేతిలో ఉన్నది ఆ పాత పావడాయే. నలుపు పోలేదు, ఉతికి ఉతికి బూడిదరంగుకి దిగింది. అవ్వ మా ఆయన్ని చూసింది. ఆయన చేతిలోని మూట పైన ఉన్న చొక్కా మీద మచ్చని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.

"అది ఎంత రుద్దినా పోదు. నేను చూశాగా," అంది.

"తెలుసవ్వా."

అవ్వ తన తడిబట్టలు పక్కకి లాగింది. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, రాయి మీద ఓ పక్కకి జరిగింది.

"అది జారుద్దిరా, పడతావు. ఇటొచ్చి కూచో."

మా ఆయన వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చొక్కా నీళ్ళలో ముంచాడు. అవతలి ఆడవాళ్ళు కూడా తలా కాస్త సర్దుకున్నారు. నాకూ కూర్చునేంత చోటు వచ్చింది.